పాత ఫియట్ హెడ్డు షెడ్డుకొస్తే

కొనకనమిట్ల, పొదిలి, తర్లుపాడు రోడ్ల మీద షెడ్లు పెట్టుకున్న మెకానిక్కులకూ, వాళ్ల దగ్గర స్పానర్లు అందిస్తూ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకూ ఈ మాటలు. తాత నడిపిన ఫియట్టును, నాన్న కష్టపడి కొన్న మారుతి 800ను అమ్మడానికి మనసొప్పక, ఎంతో కొంత ఖర్చు పెట్టి మళ్లీ రోడ్డెక్కించుకోవాలనే వాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఆ బండ్లు షెడ్డుకు చేరేది చాలాసార్లు ఒకే జబ్బుతో. ఇంజన్ హీటెక్కింది, హెడ్డు పోయింది. ఈ పని చక్కగా చేయగలిగినవాడికి పని కరువుండదు. తొందరపడి చేస్తే అదే బండి రెండు నెలల్లో తిరిగొస్తుంది, పేరు పోతుంది.

అల్యూమినియం హెడ్డు పనిలో సగం కొలతలోనే ఉంది. మిగతా సగంలో పెద్ద వాటా రేడియేటర్లో పోసే నీళ్లది. వెల్డింగ్ వాటా మనం అనుకునేదాని కంటే చాలా తక్కువ.

ముందు ఏ బండికి ఏ హెడ్డో తెలియాలి. పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజన్ హెడ్డు పోత ఇనుముది. అది మొండిది, కొంత హీటును ఓర్చుకుంటుంది. ముంబై కుర్లాలో ప్రీమియర్ కంపెనీ 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా తయారుచేసి, తర్వాత పద్మిని అని పేరు మార్చిన కారులో బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. 68 మి.మీ. బోరు, 75 మి.మీ. స్ట్రోకు, నాలుగు సిలిండర్లు కలిపి 1089 సీసీ. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా అంతే, కింద ఇనుము, పైన అల్యూమినియం. అయితే ఈ రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. పద్మినిలో క్యామ్‌షాఫ్ట్ బ్లాకులో ఉంటుంది, పుష్ రాడ్లు వాల్వుల్ని నెడతాయి. మారుతిలో క్యామ్ హెడ్డులోనే తిరుగుతుంది. హెడ్డు వంగినప్పుడు ఈ తేడా ఎంత పని పెడుతుందో ముందుకెళ్లాక చెబుతాను.

అల్యూమినియం వేడికి ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది. 300 మి.మీ. పొడవున్న హెడ్డు 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వేడెక్కితే అర మిల్లీమీటరు పైన సాగుతుంది. కింద ఉన్న ఇనుప బ్లాకు అదే పొడవున పావు మిల్లీమీటరే సాగుతుంది. మామూలు వేడిలో గ్యాస్కెట్ ఈ జారుడును తట్టుకుంటుంది. నీళ్లు అయిపోయి హెడ్డు 150, 200 డిగ్రీలు దాటితే సాగడానికి చోటుండదు, బోల్టులు పక్కకు పోనివ్వవు, అప్పుడు నడుమ పైకి లేస్తుంది. చల్లారాక ఆ వంపు అలాగే ఉండిపోతుంది. మేలో 45 డిగ్రీల ఎండలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కుతున్న కారుకో, గిద్దలూరు దాటి నల్లమలలో నంద్యాల దారి పట్టిన కారుకో ఈ ప్రమాదం మిగతా చోట్ల కంటే ఎక్కువ.

డ్రైవర్లకు ఒక మాట తప్పకుండా చెప్పండి. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్లి ఉన్నట్టుండి కిందికి పడితే ఇంజన్ చల్లబడిందని అర్థం కాదు. సెన్సార్ దగ్గర నీళ్లు లేవని అర్థం. ఆ క్షణమే ఇంజన్ ఆపాలి. ఆపాక అరగంటకు పైగా రేడియేటర్ మూత ముట్టుకోకూడదు, కాలుతున్న ఇంజన్లో చన్నీళ్లు పోయకూడదు. హెడ్డు చీలడానికి అదొక్కటి చాలు.

విప్పక ముందే రోగం ఎక్కడుందో తెలుసుకోండి. అన్ని సిలిండర్లకూ కంప్రెషన్ చూసి కాగితం మీద రాయండి. పక్కపక్క రెండు సిలిండర్లు తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ కాలి ఉంటుంది. ఒక్కటే తక్కువైతే వాల్వో, రింగులో, చీలికో. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడండి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తే మంట గదిలోని గాలి నీళ్లలోకి దారి చేసుకుంది. ఆయిల్ పుల్లకు మజ్జిగ రంగు నురగ అంటుకుంటే నీళ్లు ఆయిల్లో కలిశాయి.

హెడ్డు విప్పేది పూర్తిగా చల్లారాకే. బోల్టులు బయట నుంచి మధ్యకు, రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. పాత బండ్లలో హెడ్డు ఊడిరాదు, ఇనుప స్టడ్‌ల చుట్టూ అల్యూమినియం తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అప్పుడు స్క్రూడ్రైవరో ఉలో సందులో పెట్టి సుత్తితో కొట్టే అలవాటు మన షెడ్లలో ఉంది. ఆ ఒక్క దెబ్బకు గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద గాటు పడుతుంది. స్టడ్‌ల మొదట్లో తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు చెక్కసుత్తితో పక్కల మెల్లగా తట్టండి. అప్పటికీ కదలకపోతే ప్లగ్గు రంధ్రం గుండా నైలాన్ తాడు సిలిండర్లోకి దూర్చి, వాల్వులు మూసి ఉన్న స్థితిలో క్రాంకును చేత్తో తిప్పండి. పిస్టన్ తాడును నొక్కి హెడ్డును పైకి లేపుతుంది.

కడగడంలో ఒక హెచ్చరిక. ఇనుప సామాన్లు కడగడానికి కాస్టిక్ సోడా కాగే తొట్టి ఉంటే అందులో అల్యూమినియం హెడ్డు వేయకండి. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా మండే హైడ్రోజన్ గాలి పుడుతుంది. కిరోసినో డీజిలో పోసి నానబెట్టి, నైలాన్ బ్రష్షుతో తోమి, సబ్బు నీళ్లతో కడిగితే సరిపోతుంది. బొగ్గు గీకడానికి గట్టి చెక్కముక్క వాడండి.

కొలత

మార్కాపురం పలక చదునుగా ఉందో లేదో చేత్తో తడిమి చెప్పేయవచ్చు, హెడ్డుకు చేయి చాలదు. మంచి స్ట్రెయిట్ ఎడ్జ్ ఒకటి, ఫీలర్ గేజి సెట్టు ఒకటి కొనుక్కోండి. ఆ డబ్బు మొదటి హెడ్డు పనిలోనే తిరిగొస్తుంది. హెడ్డును తిరగేసి బల్ల మీద పెట్టి, ముఖం శుభ్రంగా తుడిచి, పొడవునా రెండు అంచుల మీద, నడుమ, మూల నుంచి మూలకు రెండు వైపులా, అడ్డంగా సిలిండర్ల మధ్య స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి కింద ఫీలర్ దూర్చి చూడాలి. 0.05 మి.మీ. రేకు దూరకపోతే మంచి హెడ్డు. దూరితే ఎక్కడ దూరిందో, ఎంత దూరిందో హెడ్డు బొమ్మ గీసి అంకెలు రాయండి. కంపెనీ మాన్యువల్లో వేరే హద్దు రాసి ఉంటే అదే ప్రమాణం. ఇదే కొలత బ్లాకు ముఖం మీద కూడా చేయాలి. చాలామంది ఇక్కడే తప్పిపోతారు. హెడ్డుకు ఫేసింగ్ కొట్టించి వంకర బ్లాకు మీద బిగిస్తే కొత్త గ్యాస్కెట్ కూడా ఓడిపోతుంది. బోల్టు రంధ్రాల అంచులు ఉబ్బి ఉంటే వాటిని సన్నగా చాంఫర్ చేయండి. ఆ రంధ్రాల్లో నీళ్లు, ఆయిలు నిలిచి ఉంటే గాలి కొట్టి ఖాళీ చేయండి. అడుగు మూసుకున్న రంధ్రంలో ఆయిల్ మీద బోల్టు బిగిస్తే ఒత్తిడికి బ్లాకే చీలుతుంది.

ఇప్పుడు పద్మినికీ మారుతికీ తేడా. పద్మిని హెడ్డు కొద్దిగా వంగితే కింది ముఖాన్ని సమం చేస్తే చాలావరకు పని అయిపోయినట్టే. మారుతి 800లో క్యామ్ జర్నల్స్ నేరుగా ఆ అల్యూమినియంలోనే తిరుగుతాయి. హెడ్డు విల్లులా వంగితే కింద ముఖంతో పాటు పైన క్యామ్ కూర్చునే గీత కూడా వంగుతుంది. కింద మాత్రం ఫేసింగ్ కొడితే కింద చదునవుతుంది, పైన క్యామ్ గీత వంకరగానే మిగులుతుంది. ఆ హెడ్డులో క్యామ్ బిగుసుకుని తిరుగుతుంది, కొన్నాళ్లకు జర్నల్స్ అరిగిపోతాయి, లేదంటే షాఫ్టే విరుగుతుంది. పరీక్ష తేలిక. వాల్వులు, రాకర్లు లేకుండా క్యామ్ ఒక్కటే ఆయిల్ రాసి కూర్చోబెట్టి వేళ్లతో తిప్పండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. పట్టిందంటే ఫేసింగ్‌కు ముందు హెడ్డును నిటారు చేయాలి. దళసరి ఉక్కు పలక మీద హెడ్డును పెట్టి, రెండు చివర్ల కింద సన్నటి రేకులు వేసి, మధ్యలో బోల్టుతో కిందికి లాగి, ఓవెన్లో రెండువందల డిగ్రీలకు పైన గంటలకొద్దీ ఉంచి అందులోనే మెల్లగా చల్లారనిస్తారు. ఇది మన షెడ్డులో గ్యాస్ మంటతో చేసే పని కాదు. ఇలాంటి ఓవెన్ ఉన్న ఇంజన్ రీకండిషనింగ్ షాపుకు పంపాల్సిందే. మారుతికి పాత మంచి హెడ్డు దొరికే అవకాశం ఉన్నప్పుడు నా ఓటు హెడ్డు మార్చడానికే. ఆరు వాల్వులదా, పన్నెండు వాల్వులదా సరిచూసుకుని తెచ్చుకోండి, తెచ్చిన దాన్నీ ఇదే విధంగా కొలవండి.

పద్మిని సంగతి వేరు. దాని తయారీ ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. ముంబైలో పద్మిని టాక్సీలు కూడా 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయాయి. 50 ఏళ్లు దాటిన కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయడానికి 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఛాసిస్, బాడీ, ఇంజన్లను పెద్దగా మార్చి ఉండకూడదనే షరతు ఉంది. కాబట్టి ఆ బండికి పుట్టుకతో వచ్చిన హెడ్డును కాపాడటానికి కాస్త ఎక్కువ కష్టపడినా ఫలితం ఉంటుంది.

చీలిక

అల్యూమినియానికి అయస్కాంతం అంటదు కనుక ఇనుముకు చేసే అయస్కాంత పొడి పరీక్ష ఇక్కడ పనికిరాదు. ఎర్రరంగు పెనట్రాంట్ డబ్బాలు దొరుకుతాయి. శుభ్రం చేసిన హెడ్డు మీద ఎర్రరంగు కొట్టి, పదీ పదిహేను నిమిషాలు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే చీలిక ఉన్నచోట తెలుపు మీద ఎర్రగీత నెమ్మదిగా పైకి తేలుతుంది. ముఖ్యంగా చూడాల్సిన చోట్లు రెండు వాల్వు సీట్ల మధ్య, సీటుకూ ప్లగ్గు రంధ్రానికీ మధ్య. లోపలి నీటి దారుల చీలిక ఇలా కనపడదు. దానికి ప్రెషర్ టెస్ట్ చేయించాలి. నీటి రంధ్రాలన్నీ రబ్బరు, ఉక్కు పలకలతో మూసి, రెండు మూడు బార్ల గాలి ఎక్కించి, 70, 80 డిగ్రీల వేడి నీళ్లలో ముంచుతారు. చన్నీళ్లలో మూసుకుని ఉండే చీలిక వేడికి తెరుచుకుని బుడగలు వదులుతుంది. అందుకే వేడి నీళ్ల పరీక్షే చేయమని గట్టిగా అడగండి.

చీలిక దొరికాక ఎం-సీల్, జిగురు మందులు, తక్కువ వేడికి కరిగే అల్యూమినియం కడ్డీలు, ఇవేవీ మంట గది దగ్గర నిలవవు. ఆర్గాన్ వెల్డింగే మార్గం. అల్యూమినియానికి ఏసీ కరెంటుతో నడిచే టిగ్ మెషిన్ కావాలి, డీసీ ఒక్కటే ఉన్న మెషిన్ కుదరదు. కారణం ఉంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, హెడ్డు పోతలోని మిశ్రమం ఇంకా ముందే మెత్తబడుతుంది. కానీ దాని పైనుండే ఆక్సైడ్ పొరకు 2000 డిగ్రీలు దాటాలి. ఏసీ ఆ పొరను చెదరగొడుతుంది. పైగా ఇనుములా ఎర్రబడి హెచ్చరించే గుణం అల్యూమినియానికి లేదు. నిన్నటిదాకా గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేసిన చేతికి మొదటి హెడ్డు ఇవ్వకండి. చెడిపోయిన పాత హెడ్డు మీద చేయి తిరిగాకే అసలు దాన్ని ముట్టుకోనివ్వండి.

చీలిక రెండు చివర్లలో సన్నటి రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. తర్వాత కార్బైడ్ బర్రుతో చీలిక అడుగు కనపడేదాకా వీ ఆకారంలో తవ్వాలి. మామూలు గ్రైండింగ్ రాయి వాడితే దాని ముక్కలు లోహంలో ఇరుక్కుని వెల్డు చెడుతుంది. పక్కనున్న వాల్వు సీటును ముందే తీసేయాలి, చీలిక దాని కిందికి పాకి ఉండవచ్చు. ఇన్నేళ్లు ఆయిల్ పీల్చిన పోత ఇది. ఒకసారి వేడి చేయగానే లోపలి ఆయిల్ పైకి ఉబుకుతుంది. అసిటోన్‌తో తుడిచి, మళ్లీ వేడి చేసి, మళ్లీ తుడవాలి. అది ఆగేదాకా కడ్డీ పెట్టకూడదు. పెడితే వెల్డు నిండా నల్లటి గాలి గుంటలే. అల్యూమినియానికి మాత్రమే వాడే స్టెయిన్‌లెస్ బ్రష్ వేరుగా ఉంచుకోండి. హెడ్డు మొత్తాన్ని 150 నుంచి 200 డిగ్రీల దాకా సమంగా వేడి చేసి, 4043 రకం సిలికాన్ కడ్డీతో నింపి, పొడి ఇసుకలో కప్పి రాత్రంతా చల్లారనివ్వాలి. మెరిసే అల్యూమినియం మీద లేజర్ థర్మామీటర్ తప్పుడు అంకె, చాలా తక్కువ చూపిస్తుంది. వేడిని గుర్తించే చాక్ నమ్మదగింది.

ప్రాణం మీదికి వచ్చే విషయం ఇది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్లతో తుడిచిన లోహం మీద ఆర్గాన్ వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ డబ్బాలను వెల్డింగ్ చోటికే రానివ్వకండి. ఆర్గాన్ గాలి కంటే బరువు, మూసిన గదిలో నేలబారున నిండి ఊపిరి ఆడకుండా చేస్తుంది. తలుపులు తెరిచి పెట్టండి. అసిటోన్ ఆరిపోయి, డబ్బా దూరంగా పెట్టాకే ఆర్క్ కొట్టండి.

నీటి రంధ్రాల చుట్టూ తుప్పు తిన్న గుంటలు కూడా ఇలాగే నింపాలి. నింపాక కొత్త గ్యాస్కెట్‌ను ముఖం మీద పరిచి, అదే కొలతగా రంధ్రాలు గుర్తుపెట్టి మళ్లీ వేయాలి.

వెల్డింగ్ తర్వాత పనుల వరస తప్పకండి. ముందు ముఖాన్ని పైపైన చెక్కించి, మళ్లీ ప్రెషర్ టెస్ట్ చేయించాలి. కారకపోతేనే గైడ్లు, సీట్లు. అన్నీ అయ్యాక చివరి ఫేసింగ్. సీట్లు ముందే వేయించి, ఆనక టెస్టులో కారుతుందని తేలితే ఆ ఖర్చంతా నీళ్లపాలు. సీటు వేసేటప్పుడు హెడ్డును వేడి చేసి సీటును బాగా చల్లబరిచి దింపుతారు. సుత్తితో కొట్టి దించిన సీటు ఒకరోజు ఊడి పిస్టన్ మీద పడుతుంది.

ఫేసింగ్ ఎంత తక్కువైతే అంత మంచిది. పద్మిని ఒక్కో సిలిండర్ 272 సీసీ. కంప్రెషన్ ఏడున్నర ఉందనుకుంటే, అర మిల్లీమీటరు చెక్కితే అది 7.8 దగ్గరికి పోతుంది. పెట్రోలుకు అది సమస్య కాకపోయినా పుష్ రాడ్ల కొలత, వాల్వు సందు మారతాయి. మారుతిలో క్యామ్ క్రాంకుకు దగ్గరవుతుంది, బెల్టు టైమింగ్ కాస్త వెనక్కి జరుగుతుంది. లేత్ షాపుకు పంపే ముందు నాలుగు మూలలా హెడ్డు ఎత్తు వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి, వచ్చాక మళ్లీ కొలవండి. ఎంత చెక్కారో మాట మీద కాదు, అంకె మీద తెలియాలి. అద్దం మీద ఎమరీ పేపర్ అంటించి రుద్దే పద్ధతి స్కూటర్ హెడ్డుకు సరిపోవచ్చు, నాలుగు సిలిండర్ల హెడ్డుకు మూలలు అరిగి నడుమ మిగులుతుంది. పొదిలిలోనో మార్కాపురంలోనో మిల్లింగ్ సౌకర్యం సరిగ్గా లేదనిపిస్తే ఒంగోలుకో విజయవాడ ఆటోనగర్‌కో పంపండి. ముఖానికి ప్లైవుడ్ కట్టి, గోనెసంచిలో చుట్టి, చేయాల్సిన పని కాగితం మీద రాసి, గ్యాస్కెట్‌తో సహా పంపండి.

ప్లగ్గు మరలు పోయి ఉంటే హెలికాయిల్ వేస్తే కొత్త దానికంటే గట్టిగా నిలుస్తాయి. ప్లగ్గులు చల్లారాకే విప్పాలి.

వాల్వులు ల్యాపింగ్ చేసి బిగించాక పోర్టుల్లో కిరోసిన్ పోసి కొన్ని నిమిషాలు ఆగి చూడండి. కారితే మళ్లీ రుద్దాలి. హెడ్డు బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పిన అంకెకు బిగించండి. చేతి అంచనా అల్యూమినియం మీద చెల్లదు. పాతరకం గ్యాస్కెట్లకు మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ బిగించమని మాన్యువల్ చెబుతుంది. యజమాని తొందరపెట్టినా ఆ రాత్రి బండి మీ షెడ్డులోనే ఉండాలి.

డబ్బు సంగతి మొదటి రోజే తేల్చుకోండి. విప్పి చూడటానికి ఇంత, లేత్ పనులకు ఇంత, బిగించడానికి ఇంత అని మూడు మెట్లుగా చెప్పి, ప్రతి మెట్టు దగ్గరా యజమాని ఒప్పుకున్నాకే ముందుకెళ్లండి. ఫీలర్ గేజి దూరిన చోటునూ, ఎర్రగీత తేలిన చోటునూ ఫోనులో ఫొటో తీసి పంపండి. చూసినవాడు బేరం తక్కువ ఆడతాడు, నమ్మకం ఎక్కువ పెట్టుకుంటాడు.

ఇక మన నీళ్లు. పశ్చిమ ప్రకాశం బోరు నీళ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఫ్లోరైడుతో పళ్లు గారబట్టిన పల్లెలు మనవి, గిన్నె కాచిన ప్రతిసారీ తెల్లపొర కట్టే నీళ్లు మనవి. అవే నీళ్లు రేడియేటర్లో పోస్తే సున్నపు పొర నీటి దారుల్లో పేరుకుంటుంది. దాంతో హెడ్డులోని వేడి నీళ్లలోకి పోదు. ఉప్పులు అల్యూమినియం పైపొరను తొలుస్తాయి. ఇనుప బ్లాకు, రాగి రేడియేటర్, అల్యూమినియం హెడ్డు ఒకే ఉప్పునీళ్లలో తడిస్తే ముందు తినబడేది అల్యూమినియమే. హెడ్డు తిరగేసి నీటి రంధ్రాల అంచులు చూడండి. గుండ్రంగా ఉండాల్సినవి చెదలు తిన్న తలుపులా గరుకుగా, తెల్లబూడిదతో కనిపిస్తే రోగం ఎండది కాదు, నీళ్లది. కాబట్టి హెడ్డు ఎక్కించే ముందు రేడియేటర్, బ్లాకు రెండూ వెనకనుంచి నీళ్లు వదిలి కడగండి. రేడియేటర్ మూత కొత్తది వేయండి. 0.9 కిలోల ఒత్తిడి ఆపే మూత ఉంటే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు, మూత పోతే వందకే మరుగుతాయి. ఏ బండికి ఎంత మూతో మాన్యువల్ చూసుకోండి. ఎండ ప్రాంతమని థర్మోస్టాట్ తీసి పారేయకండి. పనిచేస్తుందో లేదో వేడి నీళ్లలో వేసి చూసి, చెడితే కొత్తది వేయండి.

అల్యూమినియానికి సరిపడే కూలెంట్‌ను బ్యాటరీ నీళ్లతో సగం సగం కలిపి పోయండి, లేదా కలిపి అమ్మే డబ్బాయే తెచ్చుకోండి. బండి అప్పజెప్పే రోజున ఒక డబ్బా డిక్కీలో పెట్టి, దాని ధర బిల్లులో కలపండి. దారిలో తగ్గితే ఇదే పోయాలని యజమానికీ డ్రైవరుకీ ఎదురుగా చెప్పండి. బోరు నీళ్లు పోస్తే హెడ్డు పనికి మీ హామీ చెల్లదని అదే బిల్లు మీద రాసి సంతకం తీసుకోండి.